బొటనవేలి సాక్ష్యం

2004లో ఓ డాక్టరు స్కూటరు తాళంచెవితో అమ్మ అరికాలి మీద గీత గీశాడు. మడమ దగ్గర మొదలుపెట్టి, బయటి అంచు వెంబడి, వేళ్ల మొదళ్ల దాకా. బొటనవేలు నెమ్మదిగా పైకి లేచింది. ఇంకోసారి గీశాడు. మళ్లీ లేచింది. "ఇది దిగులు కాదమ్మా, వెన్నుపాము నలుగుతోంది" అన్నాడు.

అప్పటికి ఎనిమిది నెలలుగా అమ్మ కాళ్లీడుస్తూ నడుస్తోంది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. చూపించిన ప్రతిచోటా నాన్న పోయిన సంగతే అడిగారు. మనసు బాగోలేదన్నారు, నరాల బలహీనత అన్నారు (బస్టాండు గోడల మీద ఈ మాటకి మగవాళ్లకి ఒక అర్థం, ఆసుపత్రిలో ఆడవాళ్లకి ఇంకో అర్థం). బలానికి మాత్రలు రాశారు. ఒక్కరూ చెప్పులు విప్పించి చూడలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ వాళ్లనే నమ్మాను. "కాస్త ధైర్యం తెచ్చుకో అమ్మా" అని విసుక్కున్నాను కూడా.

ఆ గీత వెనక ఇంత చరిత్ర ఉందని చాలాకాలం తర్వాత చదివాను. 1896లో పారిస్‌లో జోసెఫ్ బాబిన్‌స్కీ అనే వైద్యుడు దాని గురించి ఒక చిన్న వ్యాసం చదివాడు. అరికాలు గీస్తే మామూలుగా బొటనవేలు కిందికి ముడుచుకుంటుంది. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే కదలికల దారి ఎక్కడైనా దెబ్బతింటే పైకి లేస్తుంది. ఆ దారి ఇంకా పూర్తిగా తయారుకాని చంటిపిల్లల్లోనూ అంతే. అయితే బాబిన్‌స్కీకి ఈ గుర్తు ఎందుకు కావలసి వచ్చింది? పక్షవాతం నిజమైనదా, హిస్టీరియా వల్ల వచ్చిందా తేల్చడానికి.

ఆ ప్రశ్న అతనికి గురువు షార్కో దగ్గర నుంచి వచ్చింది. 1862లో షార్కో చేరిన సల్పెత్రియేర్ ఒకప్పటి తుపాకీమందు కర్మాగారం. పదిహేడో శతాబ్దం నుంచి దిక్కులేని ఆడవాళ్లనీ, పిచ్చివాళ్లన్నవాళ్లనీ, వేశ్యలనీ అందులో పెట్టేవారు. అతని కాలానికి వేల మంది ఉన్నారు. బతికుండగా వాళ్ల వణుకునీ నడకనీ ఏళ్ల తరబడి రాసుకోవడం, చచ్చాక కోసి వెన్నుపాములో మచ్చ ఎక్కడుందో వెతకడం అతని పద్ధతి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌ని 1868లో విడమరిచి చెప్పింది ఇలాగే. చేతులు వణికి పింగాణీ పగలగొట్టే పనిమనిషిని ఇంట్లోనే ఉంచుకుని గమనించాడనీ, ఆమె పోయాక శవపరీక్ష చేశాడనీ ఒక కథ చెబుతారు. దీన్ని షార్కో ఓపికకి ఉదాహరణగా చెప్పడం నాకు మింగుడుపడదు.

హిస్టీరియా దగ్గర ఆ పద్ధతి ఆగిపోయింది. కోసి చూస్తే ఏ మచ్చా లేదు. ఇక ఫొటోలు తీశారు, సభలో అందరిముందూ ప్రదర్శించారు. పద్నాలుగేళ్లకి అక్కడికొచ్చిన అగస్టీన్ తనపై జరిగిన అత్యాచారాన్ని మూర్ఛల్లో పలవరించేది. దాన్ని శ్రద్ధగా రాసుకున్నారు, కానీ లక్షణంగానే రాసుకున్నారు. 1880లో ఆమె మగవేషం వేసుకుని పారిపోయింది. 1887లో బ్రుయే వేసిన ప్రసిద్ధ చిత్రంలో షార్కో పాఠం చెబుతుంటే, స్పృహతప్పి వెనక్కి ఒరిగిన బ్లాన్ష్ విట్‌మన్‌ని పట్టుకుని నిలబడినవాడు బాబిన్‌స్కీయే.

అదే పారిస్‌లో అదే రోజుల్లో ఒగుస్తా క్లుంప్కే ఇంకా విద్యార్థిని. చేతివేళ్ల బలం పోయిన రోగికి అదే వైపు కనురెప్ప వాలి, కంటిపాప చిన్నదైతే, దెబ్బ చేతిలో కాదు, మెడ కింద వెన్నుపాము నుంచి నరాలు బయటికొచ్చే చోట ఉందని 1885లో ఆమె చూపించింది. చెయ్యి పడిపోతే కన్ను చూడమంది! ఆ పక్షవాతం ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది. కానీ నాడీకేంద్రాల నిర్మాణంపై భర్తతో కలిసి రాసిన మహాగ్రంథం మీద మాత్రం ఆమె "సహకారం" అందించిన మనిషి.

బొటనవేలు అమ్మ పక్షాన సాక్ష్యం చెప్పింది. బాగానే ఉంది. కానీ వేలు కిందికి ముడుచుకున్న ఆడదాని మాటేమిటి? 1901 నుంచి బాబిన్‌స్కీ అలాంటి జబ్బుల్ని నచ్చజెబితే పోయేవన్నాడు. నొప్పి ఉందన్న ఆమె మాట కన్నా కండరం మాటకే విలువ.

అమ్మకి మెడ దగ్గర ఆపరేషన్ అయింది. ముదరకుండా ఆగింది గానీ పోయిన నడక పూర్తిగా రాలేదు. ఇప్పటికీ ఏ డాక్టరు గదిలోకి వెళ్లినా, పంటినొప్పికైనా సరే, ఎవరూ అడక్కముందే చెప్పులు విప్పేసి కాళ్లు ముందుకి చాపుతుంది.