మౌనానికి రాయితీ

కూడలిలో సిగ్నల్ పడుతుంది. వెనుక కారు వచ్చి ముందు కారును తాకుతుంది. బంపర్ చీలుతుంది, ఒక దీపం పగులుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. ఇద్దరు యజమానులూ దిగి కాసేపు గొంతు పెంచి, చివరకు కొంత సొమ్ము చేతులు మారాక ఎవరి దారిన వారు పోతారు. బీమా కంపెనీకి చెప్పాలా వద్దా అన్న ప్రశ్న ఆ రాత్రి ఇంటికి చేరాక మొదలవుతుంది. అది ఇంటి పద్దుకు సంబంధించిన సొంత లెక్కలాగే కనిపిస్తుంది. ఆ లెక్కలోని అంకెలను నిర్ణయించినది మాత్రం ఎనిమిది దశాబ్దాల ప్రభుత్వ విధానం.

మోటారు వాహనాల చట్టాన్ని వలస ప్రభుత్వం 1939లో తెచ్చింది. అందులో నిర్బంధ బీమాకు సంబంధించిన ఎనిమిదో అధ్యాయం ఏడేళ్లు కాగితం మీదే ఉండి, 1946 జూలై 1న అమలులోకి వచ్చింది. బ్రిటన్ తన పౌరులకు 1930 నాటి చట్టంతోనే ఈ రక్షణ కల్పించుకుంది. ఆ అధ్యాయం కాపాడదలచినది కారు గలవాణ్ణి కాదు, కారు కింద పడినవాణ్ణి. అందుకే ఇతరులకు కలిగే నష్టానికి బీమా తప్పనిసరి అయింది, సొంత బండికి తగిలే దెబ్బకు బీమా యజమాని ఇష్టానికి మిగిలింది. నేటి పాలసీలో ‘థర్డ్ పార్టీ’, ‘ఓన్ డ్యామేజ్’ అని రెండు భాగాలు కనిపించడానికి మూలం అదే. ఈ విభజన గుర్తుంటే తర్వాతి గందరగోళంలో సగం విడిపోతుంది.

1971 మే నెలలో ఇందిరాగాంధీ ప్రభుత్వం సాధారణ బీమా కంపెనీల యాజమాన్యాన్ని చేతిలోకి తీసుకుంది. 1973 జనవరి 1 నాటికి 107 సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా కుదించుకుపోయాయి. ధరలు నిర్ణయించే పని టారిఫ్ సలహా సంఘానిది. దేశంలో ఏ కంపెనీ తలుపు తట్టినా ప్రీమియం ఒకటే. ఆ పద్ధతిలో చివరిగా వచ్చిన 2002 నాటి అఖిల భారత మోటారు టారిఫ్‌లో నేటి యజమానులందరికీ తెలిసిన బోనస్ మెట్లు ఉన్నాయి: క్లెయిమ్ లేని తొలి ఏడాదికి 20 శాతం, తర్వాత వరుసగా 25, 35, 45, అయిదేళ్లకు 50 శాతం. 2007 జనవరి 1 నుంచి ధరల నియంత్రణను సడలించినా ఈ మెట్లు కదలలేదు.

దాని పేరులోనే కిటుకు ఉంది. అది ‘నో క్లెయిమ్’ బోనస్. ప్రమాదం చేయనందుకు కాదు, డబ్బు అడగనందుకు ఇచ్చే బహుమతి. జాగ్రత్తగా నడిపినవాడికీ, రెండుసార్లు గుద్ది నోరు మూసుకున్నవాడికీ రాయితీ సమానమే.

ఒక లెక్క చూడవచ్చు. సొంత నష్టం భాగానికి బోనస్ లేకుండా 8,000 రూపాయల ప్రీమియం అనుకుందాం. 50 శాతం మెట్టు మీద ఉన్న యజమాని 4,000 కడతాడు. ఒక్క క్లెయిమ్‌తో ఆ మెట్టు సున్నాకు జారుతుంది. తర్వాతి అయిదేళ్లలో అతడు కట్టేది వరుసగా 8,000, 6,400, 6,000, 5,200, 4,400. ప్రీమియం మారలేదనుకుంటే అదనపు భారం సరిగ్గా 10,000 రూపాయలు. దీనికి తోడు 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లో తొలి 1,000 రూపాయలు యజమానివే. సాధారణ పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగుదల కోస్తారు. చిన్న ప్రమాదంలో ముందుగా పోయే బంపర్ ప్లాస్టిక్‌దే! షెడ్డులో తొమ్మిది వేల బిల్లు అయితే అడగకపోవడమే లాభం. మామూలు మనిషి మౌనాన్ని ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మరి చట్టం ఏమంటోంది? పి.వి. నరసింహారావు ప్రభుత్వ హయాంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలు 1994 నవంబరు 14న అమలులోకి వచ్చాయి. వాటితో 134వ సెక్షన్‌లో కొత్త బాధ్యత చేరింది. మనిషి గాయపడినా, ఎదుటివారి ఆస్తి దెబ్బతిన్నా, పోలీసులకే కాదు, బీమా సంస్థకూ డ్రైవరు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఎదుటి కారు బంపర్ కూడా ఎదుటివారి ఆస్తే. తప్పితే నాడు మూడు నెలల వరకు జైలు లేదా 500 రూపాయల వరకు జరిమానా. 2019 సవరణ వాటిని ఆరు నెలలకు, 5,000కు పెంచింది. ఆ 1994లోనే మల్హోత్రా కమిటీ బీమా రంగాన్ని ప్రైవేటుకు తెరవాలని నివేదిక ఇచ్చింది. పార్లమెంటు చెప్పమంది, టారిఫ్ చెప్పకపోతే లాభమంది. రెండింటినీ ఒకచోట పెట్టి చూసే పని ఏ ప్రభుత్వమూ పెట్టుకోలేదు.

ఇంతకీ చెప్పడం వేరు, అడగడం వేరు. బోనస్ సొంత నష్టం భాగానికే వర్తిస్తుంది. ఎదుటివారి నష్టం గురించి సమాచారం ఇచ్చినంత మాత్రాన, ఆ భాగం కింద కంపెనీ పరిహారం చెల్లించినా, టారిఫ్ ప్రకారం బోనస్ పోదు. ఈ తేడా తెలియకనే జనం రెండింటినీ కలిపి మూటగట్టి అటకెక్కిస్తున్నారు. కంపెనీలు కూడా ఈ సంగతిని పెద్ద అక్షరాలలో అచ్చువేయవు.

ఈ మౌనానికి జాతీయ స్థాయిలోనూ మూల్యముంది. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు, 1,68,491 మరణాలు అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అది పోలీసు రికార్డుల నుంచి కూర్చినది. ఒకే మలుపులో నెలకు పదిసార్లు బంపర్లు రాసుకున్నా ఆ పట్టికలో గీత పడదు. ప్రాణం పోయాకే ఆ మలుపు అధికారుల కంట పడుతుంది.

యజమానికి ఉన్న ముప్పు వేరే రకం. ఆ రోజు ‘ఏమీ కాలేదు’ అని వెళ్లిన స్కూటరిస్టుకు వారం తర్వాత మోకాలు వాయవచ్చు. 1994 సవరణే పరిహారపు దరఖాస్తుకు ఉన్న గడువునూ తొలగించింది. ఆరు నెలల గడువు మళ్లీ 2022 ఏప్రిల్ 1న గానీ రాలేదు. ఆ ఇరవై ఏడేళ్లలో ఎప్పుడో మరచిపోయిన ఘటనపై ట్రిబ్యునల్ నోటీసు ఎన్నేళ్లకైనా రావచ్చు. ఆలస్యంగా తెలిపారన్న కారణంతో బాధితుడికి పరిహారం ఎగ్గొట్టే వీలు బీమా సంస్థకు చట్టం ఇవ్వలేదు. కానీ యజమాని చేతిలో ఫొటో ఉండదు, సాక్షి ఉండడు, ఆనాడు కంపెనీకి రాసిన నాలుగు వాక్యాల ఉత్తరం ఉండదు. తప్పు ఎవరిదో తేల్చేటప్పుడు ట్రిబ్యునల్ ముందు మిగిలేది ఎదుటివారు చెప్పిన కథ ఒక్కటే.