చెరకు గడలోని నత్రజని బ్యాక్టీరియా

మొక్క కణజాలం లోపల, దానికి రోగం తేకుండా బతికే బ్యాక్టీరియాను ఎండోఫైట్లంటారు. మినుము, వేరుశనగ వేళ్లకుండే బుడిపెల్లాంటివేవీ ఇవి కట్టవు. మొక్కను పైనుంచి చూస్తే ఆనవాలే దొరకదు. వీటిలో పరిశోధకులు బాగా వెంటపడ్డది చెరకులో ఉండే గ్లూకోనాసిటోబాక్టర్ డయజోట్రోఫికస్.

గాలిలోని నత్రజనిని పట్టే దీని పనితనం తెలియాలంటే విశాఖపట్నంలోని గాజువాక మంచి చోటు. దగ్గర్లోనే, శ్రీహరిపురంలో, 1967లో మొదలైన కోరమాండల్ ఎరువుల కర్మాగారం ఉంది. హైవే పట్టుకుని కూర్మన్నపాలెం, లంకెలపాలెం దాటితే బెల్లానికి పేరుపడ్డ అనకాపల్లి. ఇటు ఎరువు, అటు చెరకు. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చాలంటే ఎరువుల పరిశ్రమకు దాదాపు 400 డిగ్రీల వేడి, వాతావరణ పీడనానికి వంద రెట్లు దాటిన ఒత్తిడి కావాలి. ఈ సూక్ష్మజీవి అదే పనిని గడలోని తీపి తిని, పొలంలో ఉండే మామూలు వేడిలోనే కానిచ్చేస్తుంది.

దీన్ని 1988లో బ్రెజిల్‌లో వ్లాదిమిర్ కవల్కాంటె, యోహానా డోబెరైనర్ వెలుగులోకి తెచ్చారు. 10 శాతం చక్కెర ఉన్న ద్రావణంలో హాయిగా పెరుగుతుంది, పులుపుకీ వెరవదు. నేలలో మాత్రం, మొక్క తోడు లేకుండా ఎక్కువ కాలం మనలేదు. మరి కొత్త తోటకు చేరేదెలా? రైతు గడను ముచ్చెలుగా నరికి నాటినప్పుడు ఆ ముక్కలోనే సాగివస్తుంది. గింజ వేయకుండా గడనే నాటే పంట కావడం దానికి కలిసొచ్చింది.

నత్రజనిని పట్టే శక్తి తీసేసిన బ్యాక్టీరియానూ, మామూలుదాన్నీ వేర్వేరు చెరకు మొక్కలకు ఎక్కించి పోల్చిన పరిశోధన 2001లో వెలువడింది. నత్రజని కొరవడిన చోట మామూలుదాన్ని ఎక్కించిన మొక్కలే బాగా ఎదిగాయి. నత్రజని అందించిన చోట రెండూ మేలే చేశాయి. ఆక్సిన్ లాంటి పెరుగుదల హార్మోన్ల పాత్ర కూడా ఉందనుకోవడానికి ఇదొక ఆధారం.

చిక్కేమిటంటే, నత్రజని ఎరువు దండిగా వేసిన తోటలో దీని సంఖ్య పడిపోతుంది. చెరకు రకాన్ని బట్టీ ఫలితం మారుతుంది. అందుకే ఇది ఎంత నత్రజని అందిస్తుందన్న బ్రెజిల్ లెక్కల్ని మన చెరకుకు అంటగట్టి, ‘ఇక యూరియా అక్కర్లేదు’ అనడం తొందరపాటే. నాటే ముందు ముచ్చెలను ముంచే జీవన ఎరువుగా ఇది మన దేశంలోనూ వాడుకలో ఉంది. 1997లో శాస్త్రీయ నామం మారినా, వ్యవసాయ వాడుకలో ‘అసిటోబాక్టర్’ అన్న పాత పేరే చలామణి అవుతోంది.