అంచనాకు అందని నంది

సినిమా విడుదలకు ముందే అది ఎన్నాళ్లు ఆడుతుందో చెప్పడం బెజవాడ గాంధీనగర్‌లో ఒక వృత్తి. మద్రాసు స్టూడియోల్లో సినిమా తయారయ్యే రోజుల్లో కూడా దాని ఖరీదు తేలింది ఇక్కడి పంపిణీ ఆఫీసుల్లోనే. కృష్ణా జిల్లా హక్కులు ఇంతకు, గుంటూరు ఇంతకు, తూర్పు గోదావరి ఇంతకు, పశ్చిమ ఇంతకు అని బేరాలు నడిచేవి. మినిమం గ్యారంటీ కట్టి రీళ్ల పెట్టె తెచ్చుకున్నవాడికి సినిమా ఆడకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. కాబట్టి హీరో ఎవరు, పాటలు ఎవరివి, ఏ పండక్కి వస్తోంది, బందరులో ఎన్ని వారాలు, గుడివాడలో ఎన్ని రోజులు, కైకలూరులో జనం కూర్చుంటారా లేదా అన్నది ముందే లెక్క కట్టాలి. మొదటి రోజు ఉదయం ఆట వదలగానే ‘టాక్’ కనుక్కుని, సాయంత్రానికి వసూళ్ల రిపోర్టు తెప్పించుకుని, ఆ లెక్క సరిపోయిందో లేదో చూసుకునేవారు. 1921లో మారుతి హాలుతో మొదలైన బెజవాడ సినిమా చరిత్రలో ఈ అంచనా వేసే నేర్పు నటన, సంగీతాలతో సమానంగా గౌరవించదగిన విద్య.

మరి ఇంత నేర్పు ఉన్న ఊరు అవార్డుల దగ్గరకు వచ్చేసరికి ఎందుకు తడబడింది? ఏ సినిమాకు రాష్ట్ర ప్రభుత్వపు నంది బహుమతి వస్తుందో, ఎవరికి జాతీయ బహుమతి దక్కుతుందో ముందే చెప్పడం కృష్ణా డెల్టాలో ఎవరికీ చేతకాలేదు. లోపం ఈ ఊరి నేర్పులో లేదని నా నమ్మకం. అది అవార్డులు ఇచ్చే పద్ధతిలో ఉంది.

ముందు పోటీ అంటే ఈ ప్రాంతానికి ఎంత ఇష్టమో చూడాలి. 1936లో ఒకే కథ మీద రెండు తెలుగు టాకీలు వచ్చాయి. ఒకటి లక్ష్మీ ఫిలిమ్స్ వారి ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’, రెండోది ‘ద్రౌపదీ మాన సంరక్షణం’. మొదటిదానిలో యడవల్లి సూర్యనారాయణ, కన్నాంబ, సి.ఎస్.ఆర్. రెండోదానిలో సాక్షాత్తూ బళ్లారి రాఘవ, సురభి కమలాబాయి, బందా కనకలింగేశ్వరరావు. పేర్ల బలం చూసి లెక్క కడితే పోటీ సమానం. రాఘవ అంతటి రంగస్థల నటుడు తెర మీద దుర్యోధనుడిగా కనిపిస్తున్నాడంటే పందెం అటే కాసేవాళ్లుంటారు. కానీ జనం వస్త్రాపహరణాన్ని నెత్తిన పెట్టుకున్నారు. రెండో సినిమా నిలబడలేదు. స్టేజీ మీద గెలిచిన పేరు తెర మీద గెలుస్తుందన్న హామీ లేదని తెలుగు సినిమా వ్యాపారం అప్పుడే నేర్చుకుంది.

ఆ కాలంలోనే బందరు నుంచి వెలువడే కృష్ణాపత్రికలో ‘సినీఫాన్’ పేరుతో సినిమాల గుణదోషాలు తూచి రాసిన యువకుడు కమలాకర కామేశ్వరరావు. సొంత ఊరు బందరే. ఆయన తర్వాత దర్శకుడై 1963లో తీసిన ‘నర్తనశాల’ మన డెల్టాకు ఎవరూ ఎదురుచూడని బహుమతి తెచ్చింది. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో కీచకుడి పాత్రకు ఎస్.వి.రంగారావు ఉత్తమ నటుడయ్యాడు. నూజివీడులో పుట్టిన మనిషి ఇండోనేషియాలో గెలిచాడు. కళా దర్శకుడు టి.వి.ఎస్.శర్మకు కూడా అక్కడ గుర్తింపు దక్కింది. కథానాయకుడు అర్జునుడు కాగా బహుమతి కీచకుడికి రావడం చూస్తే పరాయి దేశపు న్యాయనిర్ణేతలు హీరో ఎవరన్నది పట్టించుకోలేదని, నటననే చూశారని అర్థమవుతుంది. గాంధీనగర్ లెక్కల్లో అటువంటి గడి లేదు.

ఇక మన ప్రభుత్వాల బహుమతులు. జాతీయ అవార్డులు 1954లో మొదలయ్యాయి. తెలుగులో తొలి రజత పతకం ఆ ఏడాది సినిమా, కె.వి.రెడ్డి తీసిన ‘పెద్దమనుషులు’కు వచ్చింది. పదేళ్ల తర్వాత, 1964లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లేపాక్షి బసవన్న పేరుతో నంది బహుమతులు పెట్టింది. మొదటి బంగారు నంది ‘డాక్టర్ చక్రవర్తి’ది. నిర్మాత దుక్కిపాటి మధుసూదనరావుదీ, హీరో అక్కినేని నాగేశ్వరరావుదీ కృష్ణా జిల్లాయే. ఒకరిది పెయ్యేరు, మరొకరిది గుడివాడ దగ్గర రామాపురం. కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’ దానికి ఆధారం. ఆ తర్వాత వరసగా ‘అంతస్తులు’, ‘రంగులరాట్నం’, ‘సుడిగుండాలు’. ఈ నాలుగు పేర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే తొలి నంది కమిటీల మొగ్గు కొంత తెలుస్తుంది. కుటుంబం, సమాజం, మనస్సాక్షి గురించి గట్టిగా మాట్లాడే సినిమా వాళ్లకు నచ్చేది. ఉత్తమ నటుడికి నంది ఇవ్వడం మాత్రం చాలా ఆలస్యమై 1977 చిత్రాలతో మొదలైంది. ‘అమరదీపం’లో నటనకు కృష్ణంరాజుది తొలి బహుమతి.

‘సుడిగుండాలు’ దగ్గర కాస్త ఆగాలి. 1967లో ఆదుర్తి సుబ్బారావు, అక్కినేని కలిసి లాభం మీద ఆశ పెట్టుకోకుండా తీసిన సినిమా అది. కుర్రాళ్లు సరదాకి హత్య చేస్తే ఆ తప్పు ఎవరిదని అడిగింది. పాటలు, డ్యూయెట్లు ఆశించి వచ్చిన ప్రేక్షకుడు నిరాశపడ్డాడు, వసూళ్లు లేవు. బంగారు నంది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి రెండూ దానికే వచ్చాయి. గాంధీనగర్ అంచనాను కమిటీ అంచనాతో పోల్చడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. బెజవాడ లెక్క తప్పు కాదు, సినిమా ఆడలేదు. కమిటీ లెక్కా తప్పు కాదు, అది గొప్ప సినిమా.

పదమూడేళ్లకు ‘శంకరాభరణం’ రెండు లెక్కల్నీ తారుమారు చేసింది. రేపల్లె దగ్గర పెదపులివర్రులో పుట్టిన కె.విశ్వనాథ్ ఒక వృద్ధ గాయకుణ్ని కథానాయకుడిగా పెట్టి సినిమా తీస్తే కొనడానికి పంపిణీదారులు వెనకాడారు. 1980 ఫిబ్రవరి 2న విడుదలైనప్పుడు తొలి ఆటలకు హాళ్లు నిండలేదు. తర్వాత నోటి మాట మీద జనం వచ్చారు, వచ్చినవాళ్లు మళ్లీ వచ్చారు. జాతీయ అవార్డుల్లో జనరంజకమైన, ఆరోగ్యకరమైన వినోద చిత్రంగా ఆ సినిమాకు, సంగీతానికి కె.వి.మహదేవన్‌కు, పాటకు బాలసుబ్రహ్మణ్యంకు, వాణీ జయరాంకు బహుమతులు వచ్చాయి. వ్యాపారికి భయం పుట్టించిన సినిమానే జనమూ కమిటీ కూడా ఎంచుకున్నాయి.

ఇలాంటి ఫలితాలను ముందే చెప్పే దారి ఉందా? ఉంది, కానీ దానికి కొన్ని షరతులున్నాయి. పోటీలో ఎవరున్నారో ముందే తెలియాలి. ఓటు వేసేవాళ్లు చాలామంది ఉండాలి. వాళ్ల అభిరుచి తెలిసేలా ముందుగా వేరే ఓటింగులు జరగాలి. ఇవన్నీ ఒకచోట కుదిరింది హాలీవుడ్‌లో. అక్కడా మొదట్లో ఊహకు చోటు లేదు. 1929లో జరిగిన తొలి ఆస్కార్ సభకు మూడు నెలల ముందే విజేతల పేర్లు చెప్పేశారు. ఆ తర్వాతి ఏళ్లలో పత్రికలకు ముందుగా జాబితా ఇచ్చి, రాత్రి ఒక వేళ దాటాకే అచ్చువేయాలని కోరేవారు. 1940లో లాస్ ఏంజెలిస్ టైమ్స్ ఆ కట్టుబాటు దాటి, సభలో పేర్లు చదవకముందే ఫలితాలు అచ్చువేసి అమ్మేసింది. మరుసటి ఏడాది నుంచి సీలు వేసిన కవరు వచ్చింది. ఆస్కార్ జోస్యం అనే పెద్ద ఆట ఆ కవరుతోనే పుట్టింది. మన దేశంలోనూ 1954లో ఫిల్మ్‌ఫేర్ పత్రిక పాఠకుల ఓట్లతో బహుమతులు పెట్టింది. తెలుగు సినిమాల్లో దాని తొలి ఉత్తమ చిత్రం మన ‘నర్తనశాల’.

కవరు మహిమను డెల్టా జనం కళ్లారా చూసింది 2023 మార్చి 13 సోమవారం ఉదయం. ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’ ఆస్కార్ ఉత్తమ పాట విభాగంలో ఐదు పాటల పోటీలో ఉంది. తక్కిన నాలుగింటిలో రిహానా పాట ఉంది, లేడీ గాగా పాట ఉంది. అయినా గెలుపు తెలుగు పాటదేనని ముందే చెప్పినవాళ్లు ఎక్కువమంది. దానికి ఆధారం అభిమానం కాదు. జనవరిలో గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, కొద్ది రోజులకే క్రిటిక్స్ ఛాయిస్ బహుమతి వచ్చింది. అయితే గోల్డెన్ గ్లోబ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే చాలదు. 2018 నుంచి 2022 వరకు ఐదేళ్లలో గ్లోబ్ గెలిచిన పాట మూడుసార్లే ఆస్కార్ కూడా గెలిచింది, 2018లో, 2021లో తప్పింది. అందుకే గట్టిగా ఆలోచించినవాళ్లు ఓటింగు పద్ధతి చూశారు. ఐదు పాటల ఎంపిక సంగీత శాఖ సభ్యులది. చివరి ఓటు మొత్తం అకాడమీది, సుమారు 9,500 మంది. అంతమంది వేసినప్పుడు ఎక్కువమంది చూసిన పాటకు, చూసి మరిచిపోలేని పాటకు బలం పెరుగుతుంది. కీరవాణి బాణీ, చంద్రబోస్ సాహిత్యం, కీవ్ మరియిన్‌స్కీ భవనం ముందు ఇద్దరు హీరోల అడుగులు ఆ పని చేసి పాటను గెలిపించాయి. కీరవాణిది గోదావరి ఒడ్డున కొవ్వూరు. నిమ్మకూరు ఎన్.టి.రామారావు మనవడు ఆ ఇద్దరిలో ఒకడు. కృష్ణా జిల్లా ఆ పాటను తనదనుకోవడానికి అది చాలు.

అదే సినిమాకు అంతకు ముందు సెప్టెంబరులో ఏమైందో గుర్తు తెచ్చుకోవాలి. భారతదేశం తరఫున ఆస్కార్ అంతర్జాతీయ చిత్రం విభాగానికి ఏ సినిమాను పంపాలో నిర్ణయించే కమిటీ గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’ను ఎంచుకుంది. ఆ సినిమా పదిహేను చిత్రాల తొలి వడపోతకు నిలిచింది, తుది ఐదింటిలో చేరలేదు. కమిటీ తప్పు చేసిందని నేను అనను, ‘ఛెల్లో షో’ అందమైన సినిమా. కానీ కొద్దిమంది తలుపులు వేసుకుని తీసుకున్న నిర్ణయాన్ని ముందుగా ఎవరూ పసిగట్టలేకపోయారు. వేలమంది వేసిన ఓటును బెజవాడలో టీ తాగుతూ కూడా చెప్పగలిగారు.

మన నంది ఎప్పుడూ మొదటి రకమే. పోటీలో ఉన్న ఐదు పేర్లు ముందుగా ప్రకటించే అలవాటు ఉండేది కాదు. కమిటీ సినిమాలు చూసేది, ఒకరోజు జాబితా వచ్చేది. జాబితా వచ్చాక గొడవ తప్ప, ముందు చర్చకు చోటు ఉండేది కాదు. 2014, 2015, 2016 సంవత్సరాల నందులు మూడూ కలిపి 2017 నవంబర్ 14న ప్రకటించినప్పుడు ఇదే జరిగింది. ‘లెజెండ్’, ‘బాహుబలి: ది బిగినింగ్’, ‘పెళ్లి చూపులు’ ఉత్తమ చిత్రాలు. ఆ మూడింటిలో ఏది యోగ్యమో కాదో ముందే మాట్లాడుకునే వీలుంటే, తర్వాత చెలరేగిన విమర్శల్లో సగం పుట్టేవే కావు. ఆ మూడేళ్ల జాబితాతో నంది ఆగిపోయింది. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో 2025 జూన్‌లో హైదరాబాద్‌లో తన బహుమతులు అందజేసింది. ‘డాక్టర్ చక్రవర్తి’ని, ‘శంకరాభరణాన్ని’ ఇచ్చిన మనుషులు పుట్టిన గడ్డ మీద మాత్రం ఆ చోటు ఖాళీగా ఉంది. ఇది నాకు బాధగా ఉంది.

నంది మళ్లీ వస్తే పాత పద్ధతిలో రాకూడదు. ప్రతి విభాగంలో ఐదు పేర్లు పదిహేను రోజుల ముందు ప్రకటించాలి. కమిటీ సభ్యుల పేర్లు, ఎంపికకు కారణాలు బయటపెట్టాలి. ఒక్క బహుమతైనా రాష్ట్రంలోని రచయితలు, సాంకేతిక నిపుణులు, గతంలో నంది గెలిచినవాళ్లు అందరూ కలిసి వేసే ఓటుతో తేల్చాలి. సభ విజయవాడలో పెట్టాలి, ఉగాదికి పెట్టాలి. అప్పుడు గాంధీనగర్ పంపిణీదారుడు, తెనాలి హాలు యజమాని, గుడివాడ కాలేజీ కుర్రాడు తలా ఒక జాబితా రాసుకుని వాదించుకుంటారు. ఆ వాదన కోసమైనా వాళ్లు ‘సుడిగుండాలు’ లాంటి సినిమాను టిక్కెట్టు కొని చూస్తారు.