రెండు రథాలు, ఒకే తేదీ

మా అరసవల్లి సూర్యనారాయణస్వామికి గుర్రాలు ఏడైనా రథం ఒకటే, సారథి అనూరుడొక్కడే. కార్ల పందేల్లో అలా కాదు. ఒకే డ్రైవరు రెండు మూడు ఛాంపియన్‌షిప్‌లకి సంతకం పెడతాడు. రెండింటి తేదీలూ ఒకటైతే ఏదో ఒక సీటు ఖాళీ చెయ్యాలి.

2023 ఫిబ్రవరి 11న, రథసప్తమి వెళ్ళిన రెండు వారాలకి, హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల పందెం చూశాను. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మూడోవాడిగా గీత దాటిన సెబాస్టియన్ బ్యుమీ పెనాల్టీ పడి వెనక్కి పోయాడు. జనమంతా వెర్న్‌ని చూస్తుంటే నా మనసు బ్యుమీ మీదే ఉంది. అతని 2017 కథ నన్నిప్పటికీ వదల్లేదు.

ఆ సీజన్ మొదటి ఎనిమిది పందేల్లో ఆరు అతనివే. 32 పాయింట్ల ఆధిక్యం. జులైలో న్యూయార్క్‌లో రెండు పందేలు. ఆ వారాంతంలోనే జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్‌లో మరో ఛాంపియన్‌షిప్, అంటే ఎండ్యూరెన్స్ వాళ్ళ ఆరు గంటల పందెం. అక్కడ టయోటాకి మాటిచ్చి ఉన్నాడు, వెళ్ళాడు. కారు మొరాయించి నాలుగో స్థానమే దక్కింది. న్యూయార్క్‌లో అతని కారు పియర్ గాస్లీ నడిపాడు. అతని పోటీదారు లూకాస్ ది గ్రాసీ అక్కడ 22 పాయింట్లు పోగేశాడు. చివరి మజిలీ మాంట్రియాల్‌లో బ్యుమీకి ఒక్క పాయింటూ రాలేదు నిజమే, కానీ కిరీటం ది గ్రాసీకి పోయింది 24 పాయింట్ల తేడాతోనే. వెళ్ళని ఆ రెండు పందేలకి లెక్కలో ఎంత బరువుందో చూడండి.

ఈ పేచీ పాతదే. 1965లో జిమ్ క్లార్క్ మే 31 నాటి ఇండియానాపోలిస్ 500 కోసం ముందురోజు జరిగిన మొనాకో గ్రాండ్ ప్రీని వదిలేశాడు. ఇండియానాపోలిస్ గెలిచాడు, ఆ ఏడాది ఫార్ములా వన్ కిరీటమూ గెలిచాడు. అంతటి ఆధిక్యం అందరికీ ఉండదు.

తేదీలు మార్చలేం అంటే నేను ఒప్పుకోను. 2018లో ఫుజీ ఆరు గంటల పందేన్ని అక్టోబర్ 21 నుంచి 14కి జరిపారు. ఫెర్నాండో అలోన్సోకి అమెరికా గ్రాండ్ ప్రీ అడ్డు రాకూడదని. దాంతో అది అమెరికాలో అట్లాంటా దగ్గర జరిగే పెటీ లె మాన్స్ పందెం వారాంతంలో పడి, అక్కడ నడపాల్సిన వాళ్ళు ఇరుక్కున్నారు. అలోన్సో ఆ ఏడాది పంచుకున్న టయోటా కారు ఎవరితో? బ్యుమీతో, కజుకి నకాజిమాతో. ఒకే కారులో కూర్చునే ఇద్దరిలో ఒకరికోసం క్యాలెండరు కదిలింది, ఒకరికోసం కదల్లేదు. ఫార్ములా ఈ, ఎండ్యూరెన్స్ రెండు ఛాంపియన్‌షిప్‌ల మీదా ముద్ర అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏదే. అందుకే నా కోపం డ్రైవర్ల మీద కాదు, తేదీలు రాసేవాళ్ళ మీద.

2024 మే 11న మళ్ళీ బెర్లిన్‌లో ఫార్ములా ఈ పందెం, స్పాలో ఎండ్యూరెన్స్ పందెం ఢీకొన్నాయి. బ్యుమీ టయోటాకి, ఎన్విజన్ జట్టులో అతని జోడీ రాబిన్ ఫ్రైన్స్ బీఎండబ్ల్యూకి నడపడానికి స్పా వెళ్ళారు. బెర్లిన్‌లో వాళ్ళ కార్లలో జోయెల్ ఎరిక్సన్, పాల్ ఆరన్ కూర్చున్నారు.