తప్పిన మాటల లెక్క: కోయంబత్తూరు, మదురై తెలుగు పల్లెల నేపథ్యంలో మనస్తత్వశాస్త్రమూ కుహనా శాస్త్రమూ

మనస్తత్వశాస్త్రం పుట్టుక గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పే కథ ప్రయోగశాలతో మొదలవుతుంది. 1879లో లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల నెలకొల్పాడు. మన దేశంలో 1916లో ఎన్.ఎన్. సేన్‌గుప్తా ఆధ్వర్యంలో కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రత్యేక శాఖ ఏర్పడింది. 1924లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి, 1943లో మద్రాసులో జి.డి. బోజ్ ఆ పనిని అందుకున్నారు. ఈ వరుస చదివితే పరికరం, అంకె, విశ్వవిద్యాలయం ఉన్నచోట శాస్త్రం ఉంటుందనీ, అవి లేనిచోట ఉండేది మూఢనమ్మకమేననీ అనిపిస్తుంది. ఆ అభిప్రాయం నిలవదని ఈ వ్యాసం వాదన. మనసు గురించి ఎవరైనా ఒక మాట చెప్పినప్పుడు, ఏం జరిగితే ఆ మాట తప్పవుతుందో ముందే చెప్పారా, తప్పిన సందర్భాలను ఒప్పిన వాటి పక్కనే రాసిపెట్టారా, ఆ లెక్క చూసుకుని మాట మార్చుకున్నారా అన్నదే గీటురాయి. ఈ గీటురాయిని దక్షిణ తమిళనాట, కోయంబత్తూరు చుట్టూ ఉన్న కొంగునాట నిలిచిన పాత తెలుగు పల్లెల నేల మీద పెట్టి చూస్తే మనం అలవాటుగా గీసే గీత చాలాచోట్ల తప్పు స్థలంలో పడిందని తెలుస్తుంది.

ఈ పల్లెల చరిత్ర తెలిసిందే. 14వ శతాబ్దిలో విజయనగర రాజకుమారుడు కుమార కంపన మదురై సుల్తానులను ఓడించాడు. 16వ శతాబ్దిలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన స్థిరపరచి నాడును 72 పాళెయాలుగా, అంటే సైనిక జాగీర్లుగా, పంచాడు. ఆ దారిలోనే వచ్చి నిలిచిన కమ్మవారు, రాజకంబళం నాయకులు, దేవాంగులు, ఇంకా ఎన్నో కులాలవారు నేటికీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతున్నారు. కోయంబత్తూరు మిల్లుల వెనక, 1926లో మొదలైన పీఎస్‌జీ ధర్మసంస్థ వెనక, జి.డి. నాయుడు యంత్రాల వెనక ఉన్నది ఈ తెలుగు కుటుంబాలే. తెల్లవారకముందే చేతి డమరుకం మోగిస్తూ వీధుల్లోకి వచ్చి, జక్కమ్మ దేవత పేరు చెప్పి, ఇంటివాళ్లకు మంచికాలం పుడుతోందని పలికే గుడుగుడుప్పై నాయకులదీ అదే తెలుగు. ఆంధ్ర, తెలంగాణ పాఠకులు వీరిని తమ బుడబుక్కలవారితో పోల్చుకోవచ్చు. యంత్రం ఒక పక్క, డమరుకం ఒక పక్క. శాస్త్రానికీ అశాస్త్రానికీ మధ్య గీత ఈ రెండింటి నడుమనే ఉందని చదువుకున్నవారు చాలామంది అనుకుంటారు.

డమరుకం పలికించేవాడి మాట ఎందుకు తగులుతుందో మనస్తత్వశాస్త్రం బాగానే వివరించింది. 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులు 39 మందికి ఒక పరీక్ష పెట్టి, ఎవరి స్వభావ వివరణ వారికని కాగితాలు పంచాడు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే వివరణ. అందులోని వాక్యాలు ఎక్కువభాగం వీధి దుకాణంలో దొరికే జ్యోతిషం పుస్తకం నుంచి తీసినవి. అది తమకు ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. ఇంట్లో ఒక దిగులు ఉందనీ, దగ్గరివాడే మనసు నొప్పించాడనీ, మూడు నెలల్లో తేలిపోతుందనీ చెబితే అది ఎవరికి అన్వయించదు? విన్నవారే తమ బతుకులోంచి వివరాలు తెచ్చి ఆ మాటలో నింపుకుంటారు. ఒప్పినది గుర్తుంటుంది, తప్పినది మరుగున పడుతుంది. ఇంతవరకూ వివాదం లేదు. అయితే గుడుగుడుప్పై నాయకుడు తన మాటను శాస్త్రమని ఎప్పుడూ అనలేదు. ప్రయోగం చేశాననలేదు, ధ్రువపత్రం చూపలేదు. అతను చెప్పేది దీవెన, పుచ్చుకునేది బియ్యమో పాత బట్టో. దాన్ని నమ్మకమనండి, ఆచారమనండి, బతుకుతెరువనండి. కుహనా శాస్త్రమని మాత్రం అనలేం. తనది కాని హోదాను, అంటే శాస్త్రమన్న హోదాను, వాడుకుని లాభపడే దానికే ఆ పేరు తగుతుంది.

ఆ హోదాను వాడుకున్నవారు ఇదే నేల మీద వేరే ఉన్నారు. మద్రాసు మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గర్ థర్స్టన్ 1909లో ఏడు సంపుటాల కులాల గ్రంథం వెలువరించాడు. రాజకంబళం నాయకులకే మరో పేరైన తొట్టియ నాయకుల నమ్మకాలు, మంత్రాలు, ఆచారాలు అందులో వివరంగా ఉన్నాయి. ఆ వర్ణనలతో పాటు తలల పొడవు, వెడల్పు, ముక్కుల కొలతలూ ఉన్నాయి. ముక్కు వెడల్పు తగ్గేకొద్దీ కులం హోదా పెరుగుతుందని బ్రిటిష్ అధికారి హెర్బర్ట్ రిస్లీ అప్పటికే ఒక సూత్రం ప్రకటించి ఉన్నాడు. ఇనుప కొలపరికరం, దశాంశాలు, ప్రభుత్వ ముద్ర, అన్నీ ఉన్నాయి. 1932లో సామాజిక శాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే ఆ కొలతలనే మళ్లీ పరిశీలించి, నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం దాటితే ఆ సూత్రం పనిచేయదని చూపాడు. అంటే తప్పిన సందర్భాలు మొదటినుంచీ ఆ పట్టికల్లోనే ఉన్నాయి. సూత్రానికి అనుకూలమైనవాటినే చూడడం వల్ల అవి కనపడలేదు. మంత్రం వేసేవాడిని కొలిచిన పరికరం వెనక ఉన్న ఆలోచన, మంత్రం కన్నా ఏ విధంగానూ శాస్త్రీయమైనది కాదు. పైగా మంత్రం ఎవరినీ తక్కువ జాతిగా జాబితాకు ఎక్కించలేదు.

ఆ కొలపరికరానికి నేటి వారసులు వేలిముద్రల పరీక్షలు. పిల్లల పది వేళ్ల గీతలు స్కానర్‌తో తీసి, మెదడులో ఏ భాగం బలమైనదో, పిల్లవాడు ఇంజనీరవుతాడో గాయకుడవుతాడో రంగురంగుల నివేదికగా ఇచ్చే వ్యాపారం దేశంలోని చదువుల పట్టణాలన్నిటికీ పాకింది. దీనికి రెండు నిజమైన శాస్త్ర విషయాలు అరువు తెచ్చుకున్నారు. చర్మరేఖల అధ్యయనం నిజమైనదే. గర్భంలో ఏర్పడే ఆ గీతలు డౌన్ సిండ్రోమ్ వంటి స్థితుల్లో భిన్నంగా ఉంటాయని వైద్యులకు తెలుసు. హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో బహుళ ప్రజ్ఞల సిద్ధాంతం రాసిన మాటా నిజమే. కానీ గార్డ్‌నర్ పుస్తకంలో వేలిముద్రతో ప్రజ్ఞను కొలిచే పద్ధతి ఎక్కడా లేదు. ఈ రెండింటినీ కలిపే దారం వ్యాపారులు పేనిందే. నివేదికలోని వాక్యాలు చదివితే ఫోరర్ పంచిన కాగితాలు గుర్తుకొస్తాయి. పదేళ్ల తర్వాత ఎంతమంది పిల్లల విషయంలో ఆ జోస్యం తప్పిందో ఎవరూ రాసిపెట్టరు. తల్లిదండ్రులు మాత్రం ఆ కాగితాన్ని బట్టి పిల్లవాడికి ఏ చదువు చెప్పించాలో తేల్చుకుంటారు. గుడుగుడుప్పై మాటకు లేని హాని ఈ కాగితానికి ఉంది. దాన్ని నమ్మినవారు శాస్త్రాన్ని నమ్ముతున్నామనుకునే నమ్ముతారు కదా.

ఇక్కడ తత్త్వశాస్త్రవేత్తలు ఒక ఆక్షేపణ తెస్తారు. తప్పని తేల్చడానికి వీలున్న వాదనే శాస్త్రమని కార్ల్ పాపర్ 1934లో అన్నాడు. 1983లో లారీ లాడన్ దాన్ని గట్టిగా ప్రశ్నించాడు. తప్పని తేలిపోయిన ఎన్నో వెర్రి వాదనలు కూడా ఆ కొలత ప్రకారం శాస్త్రమే అవుతాయి, కాబట్టి ఈ గీత గీసే ప్రయత్నమే వృథా అన్నాడు. ఇది తేలిగ్గా తోసిపుచ్చే మాట కాదు. మన దగ్గరి ఉదాహరణే చూడండి. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్, హేతువాది నరేంద్ర దాభోల్కర్ తదితరులు మహారాష్ట్రలో ఒక పరీక్ష జరిపారు. చదువులో ముందున్న పిల్లల జాతకాలు 100, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలు 100 సేకరించి, ఒక్కొక్క జ్యోతిష్కుడికి 40 జాతకాలు ఇచ్చి ఏది ఎవరిదో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది సగటున 46 శాతం సరిగా చెప్పారు. నాణెం ఎగరేసినా అంత వస్తుంది. లాడన్ ఎత్తిచూపినట్టు పాపర్ కొలతతో చూస్తే, పరీక్షకు నిలబడి ఓడింది గనుక జ్యోతిషం శాస్త్రమే అనాలి. చిక్కంతా వాదనను ఒంటరిగా చూడడంలో ఉంది. 2009లో ఆ ఫలితం అచ్చయ్యాక జ్యోతిష్య పాఠాలు ఒక్క అక్షరం మారలేదు. వాదన రూపాన్ని వదిలి, దాన్ని పట్టుకున్న సమాజం ఓటమి తర్వాత ఏం చేసిందో చూస్తే గీత మళ్లీ కనిపిస్తుంది. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష కోర్సులు పెట్టాలన్న 2001 నాటి యూజీసీ నిర్ణయం మీద హైదరాబాదు నుంచి శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ న్యాయపోరాటం చేశారు. 2004లో సుప్రీంకోర్టు ఆయన వాదనను అంగీకరించలేదు. ఆ ఓటమి విచారకరమే. అయినా ఈ గీతను కోర్టు గీయలేదన్నది కూడా దానివల్ల స్పష్టమైంది. ఆ పని పరిశోధకులే చేయాలి.

ఇప్పుడు అసలు కఠినమైన ఉదాహరణకు వద్దాం. కోయంబత్తూరుకూ మదురైకీ నడుమ, దిండుక్కల్ జిల్లాలో వేలాయుధంపాళయంపుదూరు అనే ఊళ్లో ముత్తుస్వామి గుడి ఉంది. ఆయన సమాధి మీద కట్టిన గుడి అది. మానసిక రోగులను బంధువులు అక్కడికి తీసుకొచ్చి వారాల తరబడి ఉంచుతారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు చెందిన ఆర్. రఘురాం, ఆయన సహచరులు అక్కడికి వచ్చిన 31 మందిని వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ పరీక్షించి, ఫలితాలను 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. వారిలో ఎక్కువమందిది స్కిజోఫ్రీనియా. సగటున ఆరు వారాల బసలో రోగలక్షణాల కొలమానం మీద సగటు 52.9 నుంచి 42.9కి తగ్గింది. గుడిలో మందు ఇవ్వలేదు, ప్రత్యేకమైన భూతవైద్యమూ జరగలేదు. పొద్దున చిన్న పూజ, ఊడవడం, మొక్కలకు నీళ్లు పోయడం, పక్కనే తోడుగా ఒక బంధువు, అంతే. కొన్ని మందులు సాధించే మెరుగుదలకు ఇది సమానమని రచయితలు అన్నారు, దాన్ని దేవుడి మహిమకు కాక ఆదరించే, భయపెట్టని వాతావరణానికి ఆపాదించారు.

ఇది శాస్త్రమా? నా సమాధానం: శాస్త్రమే, కాకపోతే బలహీనమైన శాస్త్రం. పోల్చిచూడడానికి వేరే జట్టు లేదు. రోగం బాగా ముదిరినప్పుడే మనిషిని గుడికి తెస్తారు, ముదిరిన రోగం ఏమీ చేయకపోయినా కొంత దిగుతుంది. అతిగా ఉన్న కొలత మళ్లీ కొలిస్తే సగటు వైపు జరుగుతుందని గాల్టన్ 1886లోనే చూపాడు. ఇంటికి వెళ్లాక ఏమైందో ఆ వ్యాసం చెప్పదు. ఇన్ని లోపాలున్నా దాన్ని శాస్త్రమంటున్నది ఈ లోపాలను మనం వేలుపెట్టి చూపగలుగుతున్నందుకే. ఎంతమంది, ఏ కొలమానం, ఎన్ని వారాలు అన్నీ వారు బయటపెట్టారు. ఎలాంటి ప్రయోగం చేస్తే ఆ వాదన పడిపోతుందో చదువరికి తెలుస్తుంది. గుడి అన్న మాట వినగానే మొహం తిప్పుకునే హేతువాదికీ, అంకె చూడగానే గుడి మహిమ రుజువైందనే భక్తుడికీ ఈ అధ్యయనం ఒకటే పాఠం చెబుతుంది. వాదన ఎక్కడిదన్నది పక్కనపెట్టి, దాని లెక్క అడగాలి.

దీనికి ఎదురుగా ఎర్వాడి నిలుస్తుంది. రామనాథపురం జిల్లాలోని ఆ దర్గా ఊళ్లో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు శరణాలయం తగలబడింది. గొలుసులతో కట్టి ఉంచిన రోగులు కదలలేక కాలిపోయారు, 28 మంది చనిపోయారు. ఇలాంటి చోట్ల శాస్త్రం, అశాస్త్రం అంటూ మర్యాదగా విడదీయడం మనుషుల ప్రాణాలతో ఆడుకోవడమేనని ఎవరైనా ఆగ్రహిస్తే ఆ ఆగ్రహం న్యాయమైనదే. కానీ అక్కడి నేరం జ్ఞానానికి సంబంధించినది కాదు, గొలుసుకు సంబంధించినది. నిఖార్సయిన శాస్త్రం చదివినవారు నడిపిన ఆసుపత్రులు కూడా చరిత్రలో గొలుసులు వాడాయి. ఒక మాట నిజమా అన్న ప్రశ్నా, ఒక పని హానికరమా అన్న ప్రశ్నా వేరువేరు. రెండోదానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ గొలుసులను ఏ రూపంలోనూ వాడరాదని జవాబిచ్చింది, ఆ జవాబు గుడికీ దర్గాకీ ఆసుపత్రికీ సమానంగా వర్తిస్తుంది. మొదటిదానికి చట్టం జవాబివ్వలేదు.

అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ మనస్తత్వశాస్త్రం లోపలి నుంచే వస్తుంది. 2015లో వందలమంది పరిశోధకులు కలిసి 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మొదటిసారి వాటిలో 97 శాతం అనుకూల ఫలితమిచ్చాయి, రెండోసారి 36 శాతమే ఇచ్చాయి. తన ఇల్లే సర్దుకోలేని శాస్త్రం డమరుకంవాడిని ఎలా ప్రశ్నిస్తుంది? ఆ లెక్క తీసినవారు మనస్తత్వశాస్త్రవేత్తలేనని చెప్పి సంతృప్తిపడడం చాలదు. అంతకుముందు దశాబ్దాల పాటు అనుకూల ఫలితాలే అచ్చయ్యాయి, తప్పినవి సొరుగుల్లో ఉండిపోయాయి. ఒప్పిన జోస్యమే గుర్తుంచుకునే అలవాటుకూ దీనికీ తేడా లేదు. ఆ కాలంలో ఈ శాస్త్రంలో కొంత భాగం గీతకు అవతలి వైపే ఉందని ఒప్పుకోవాలి. పరికల్పనను, విశ్లేషణ పద్ధతిని డేటా సేకరించకముందే నమోదు చేసే ఏర్పాటు ఇప్పుడు విస్తరిస్తోంది. శాస్త్రమన్న హోదా ఒకసారి దక్కితే శాశ్వతం కాదు, ప్రతి అధ్యయనమూ దాన్ని మళ్లీ సంపాదించుకోవాలి.

ఈ గీటురాయిని ఈ పల్లెల్లోనే వాడాలంటే ముందు ఒక పని జరగాలి. మన దగ్గరి ప్రజ్ఞా పరీక్షలు, కుంగుబాటు ప్రశ్నావళులు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల తెలుగులోనో, తమిళంలోనో ప్రామాణికం చేసినవి. కోయిల్‌పట్టి దగ్గరి కమ్మవారి పల్లెలో ఒక ముసలమ్మ ఇంట్లో మాట్లాడే తెలుగుకు లిపి తెలియదు. ఆమె దుఃఖాన్ని ఆ తెలుగులోనే చెప్పుకుంటుంది, వైద్యుడితో తమిళంలో మాట్లాడుతుంది. మన పుస్తకాల తెలుగు ప్రశ్నకు ఆమె ఇచ్చే జవాబు దిగులును కొలుస్తోందో, అర్థంకాని ప్రశ్న ముందు తడబాటును కొలుస్తోందో చెప్పే ఆధారం కావాలి. ప్రశ్నావళిని నోటితో అడిగి, ఆ పల్లెల్లోని ఆరోగ్యవంతుల జవాబులూ వైద్యులు రోగాన్ని నిర్ధారించినవారి జవాబులూ పక్కపక్కన పెట్టి, ఎక్కడెక్కడ అది తప్పుతోందో పట్టిక తయారు చేయాలి. వేలాయుధంపాళయంపుదూరు గుడికి మళ్లీ వెళ్లి, ఆసుపత్రిలో చేరేందుకు వేచి ఉన్న ఒక జట్టుతో పోల్చి, ఏడాది తర్వాత ఇళ్లకు వెళ్లి చూసే అధ్యయనం ఆ పట్టిక సిద్ధమయ్యాకే సాధ్యం. మదురై, కోయంబత్తూరు కళాశాలల్లో మనస్తత్వశాస్త్రం చదువుతున్నవారిలో ఈ రెండు భాషలూ ఇంటినుంచే తెచ్చుకున్న విద్యార్థులున్నారు. ఆ పట్టిక చేయగలిగినవారు వారే.