ఆరోగ్యశ్రీ

ఆరోగ్యశ్రీ, పేద కుటుంబాలకు ఖరీదైన వైద్యాన్ని ఉచితముగా అందించుటకు ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము ప్రవేశపెట్టిన ఆరోగ్య బీమా పథకము. వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నపుడు ఇది మొదలైనది.

చరిత్ర

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమై, 2008లో రాష్ట్రమంతటికీ విస్తరించినది. తొలుత తెల్ల రేషను కార్డు గల కుటుంబానికి ఏడాదికి రూ.1.5 లక్షలు, అవసరమైనచో మరో రూ.50 వేల వరకు చికిత్స లభించేది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ పథకము పేరు 2014 తరువాత ఎన్టీఆర్ వైద్యసేవగా, 2019లో వైఎస్ఆర్ ఆరోగ్యశ్రీగా, 2024లో తిరిగి ఎన్టీఆర్ వైద్యసేవగా మారినది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పేరే కొనసాగుతున్నది.

మందుల ఖర్చు

ఈ పథకము ప్రధానముగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు వర్తిస్తుంది. అక్కడి పరీక్షలు, మందులు, భోజనము ప్యాకేజీలోనే ఉంటాయి. కొన్ని వ్యాధులకు చికిత్స ముగిసిన పిదప కూడా కొంతకాలము మందులు ఇస్తారు. అయితే రక్తపోటు, మధుమేహము వంటి వ్యాధులకు ప్రతిదినము వాడవలసిన మాత్రలు సాధారణముగా దీని పరిధిలోకి రావు.

నల్లమల అంచున గల అర్ధవీడు వంటి గ్రామీణ మండలాలలో ఈ మాత్రలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 104 సంచార వైద్య వాహనాలు ఉచితముగా ఇస్తాయి. అక్కడ దొరకని మందును రోగి సొంత డబ్బుతో కొనుక్కోవాలి. కేంద్ర ప్రభుత్వము 2008లో ఆరంభించిన జన ఔషధి దుకాణాలలో జనరిక్ మందులు చౌకగా లభిస్తాయి.

మాత్రలు కొనలేక మానివేసిన రోగికి కాలక్రమములో మూత్రపిండాలు దెబ్బతినవచ్చును. అప్పుడు అవసరమయ్యే డయాలసిస్ ఖర్చును మాత్రము పథకము భరిస్తుంది.