ఒక నది, రెండు వంతెనలు

ప్రజలు చెల్లించు పన్నులతో సాగు కట్టడములకు స్వదేశపు సామగ్రినే కొనవలెనను నియమము న్యాయమా, కాదా యను చర్చ యెప్పుడు వచ్చినను, మాకు కలకత్తా చెంతనున్న హుగ్లీనది జ్ఞప్తికి వచ్చును.

అచట హౌరాకు పోవుటకై 1874లో సర్ బ్రాడ్‌ఫర్డ్ లెస్లీ తేలువంతెన నొకదానిని నిర్మించెను. దాని భాగములు ఇంగ్లండులో తయారై, ఓడలమీద వచ్చి, కలకత్తాలో కూర్పబడినవి. ఆ కాలపు రీతియే యట్టిది. రైలుపట్టాలును, యంత్రములును సీమనుండియే దిగుచుండెడివి. తొలినాటి రైలుకంపెనీల మూలధనమునకు నూటికి 5 చొప్పున వడ్డీ పూచీపడినది మన ఖజానా. దానిని నింపినవాడు రైతు. శిస్తు మనది, పనియు, పనితనమును పరులవి.

ఈ స్థితి యొక్క యాజ్ఞతో మారునది కాదు. మొదట కొలిమి కావలెను. జంషెడ్జీ టాటా తలపెట్టిన కర్మాగారము, ఆయన గతించిన పిదప, 1907లో కంపెనీగా నేర్పడి 1912లో ఉక్కు పోసెను. ప్రభుత్వపు కొనుగోళ్లకై 1922లో ఇండియన్ స్టోర్సు డిపార్టుమెంటును, ఉక్కు పరిశ్రమ రక్షణకై 1924లో చట్టమును వచ్చినవి.

1936లో హౌరాయొద్ద క్రొత్త వంతెన పని యారంభమయ్యెను. ఇంతలో యుద్ధము వచ్చి, ఇంగ్లండునుండి రావలసిన ఉక్కు అందు కక్కరకు మరలింపబడెను. కావలసిన 26,500 టన్నులలో సుమారు 23,000 టన్నులు టాటావారే యిచ్చిరి. 1943 ఫిబ్రవరిలో వంతెనపై రాకపోకలు మొదలయ్యెను. నియమము చేయవలసిన పనిని యుద్ధము చేసినది! అయినను, ముప్పదియేండ్లుగా వెలుగుచున్న కొలిమి లేకున్న యుద్ధము మాత్ర మేమి చేయగలదు?

రక్షణవలన వెల హెచ్చునను ఆక్షేపణ తేలికగా త్రోయదగినది కాదు. హెచ్చిన వెల బీదవాని పన్నులోనుండియే పోవును. కాని ఇంట పాడి పెంచుకొనువారు తొలియేట గడ్డి ఖర్చునుజూచి యావు నమ్ముకొనరు గదా! పాలిచ్చునా, లేదా యని మాత్రము తప్పక చూతురు. 2017లో భారత ప్రభుత్వము స్వదేశ వస్తువులకు ప్రాధాన్యమిచ్చు కొనుగోలు ఉత్తరువు వెలువరించినది. దానికిని ఇదియే గీటురాయి. స్వదేశమను పేరు నాసిరకమునకు ముసుగు కారాదు.

1965లో రవీంద్రసేతువను పేరు దాల్చిన యా వంతెన నేటికిని జనప్రవాహమును మోయుచున్నది. దాని యుక్కు ఎక్కడిదని అడుగుట యెంత యవసరమో, అది బరువునకు నిలిచినదా యని అడుగుటయు నంత యవసరమే.